ఆవిరైపోయిన రెండు గ్లాసులు

ఎనిమిదేళ్ళు ఒక మనిషి రోజూ పొద్దున్నే నా గేటు ముందు నిలబడి నాకు తాగడానికి ఇచ్చింది. ఆ ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా "నువ్వు కాసిని మంచినీళ్ళు తాగుతావా?" అని నేనెందుకు అడగలేదు? నాకిప్పుడు డెబ్భై మూడేళ్ళు. ముప్ఫై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. కంటికి తప్పు కనిపించకుండా పోవడమనేది నా వృత్తిలో లేదు. అయినా దీనికి మాత్రం జవాబు దొరకలేదు.

ఆమె పేరు తుకిరా. జావాలో, సోలో పట్నంలోని మా లావెయాన్ పేటలో చిన్నా పెద్దా అందరికీ "యు తుకిరా", అక్క అన్నట్టు. వొనొగిరి దక్షిణాన సున్నపురాయి కొండల్లో పుట్టింది. అక్కడి ఆడవాళ్ళు చాలామందిలాగే సోలోకి వచ్చి కషాయాలమ్ముకుని బతికేది. రైలు పట్టాల దగ్గర ఒక అద్దె ఇంట్లో పదిమంది కలిసి ఉండేవాళ్ళు. తెల్లవారేసరికి వీపున చారల గుడ్డతో బిగించిన వెదురు గంప, అందులో ఎనిమిది సీసాలు: పసుపు చింతపండు, బియ్యం కచ్చూరం, అల్లం, చేదు ఆకులది ఒకటి. ఎడమ చేతిలో చిన్న బకెట్. అందులో గ్లాసులు కడిగే నీళ్ళు.

"బు హర్నీ! ఇవాళ చేదా, తీపా?" అని గేటు బయటి నుంచే కేకేసేది. బు అంటే అమ్మగారని.

"తీపి."

"తీపి అడిగే మొహమా అది? పుస్తకం పట్టుకుని జాగారం చేసినట్టున్నారు, కళ్ళు చూడండి ఎలా ఉబ్బాయో. ముందు చేదు తాగండి, తర్వాత తీపి."

తాగాక గ్లాసు బకెట్లో ముంచి, ఒక్క తిప్పు తిప్పి, పక్క ఇంటికి నడిచేది. మా వీధిలో పదకొండు ఇళ్ళు ఆమెవి. తర్వాత బజారు, ఆ తర్వాత మళ్ళీ కొన్ని ఇళ్ళు. మధ్యాహ్నం పన్నెండుకి గదికి చేరేదాకా ఆమె నోట్లో నీటి చుక్క పడేది కాదు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

తొమ్మిదో ఏడు ఒక సెప్టెంబరు పొద్దున, ఎండ అప్పుడే గోడమీదికి ఎక్కుతుండగా, నా గ్లాసులో పోస్తూ పోస్తూ ఆగిపోయింది. సీసా జాగ్రత్తగా కింద పెట్టింది. గంప దించింది. గేటు ఊచ పట్టుకుని అలాగే చతికిలబడింది. మొహం మైనం ముద్దలా అయింది, చెమటలు ధారలు కట్టాయి.

"ఏమైంది, యు?"

"ఏం లేదు, బు. గాలి పట్టింది. నిన్నగాక మొన్న మా గదిలో ఉండే గియెం వీపంతా నాణెంతో గీకింది. వదలలేదు."

జాకెట్టు వెనక నుంచి ఎర్రటి చారలు కనిపిస్తున్నాయి, పులి వీపులా. ఏ చిన్న నలతైనా మాకందరికీ గాలి పట్టడమే, దానికి నాణెంతో గీకడమే. కానీ ఆమె చెయ్యి వీపు మీద లేదు. నడుముకి కుడిపక్కన గుప్పెట బిగించి నొక్కుకుంటోంది. నేను రిక్షా పిలిచాను. రిక్షాలో కూడా ఆమె అడిగింది ఒకటే: "నా గంప లోపల పెట్టారా, బు?"

పేట ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ చిన్న వయసుది, మాట మాత్రం పెళుసు. పెద్దాసుపత్రికి పంపి తీయించిన స్కాన్ చూసి, నన్ను కూడా కూర్చోమంది. తుకిరాకి రక్తంలో యూరిక్ యాసిడ్ ఏళ్ళ తరబడి పేరుకుపోయి ఉంది. అప్పుడప్పుడు బొటనవేలు వాచి కుంటుకుంటూ వచ్చేదే, అది కూడా దానివల్లేనట. ఆ యాసిడే కిడ్నీల్లో రాళ్ళు కట్టింది. ఎడమ కిడ్నీ ఎప్పుడో ఎండి ముడుచుకుపోయింది. కుడివైపుదే ఇన్నాళ్ళూ రెండింటి పనీ లాక్కొస్తోంది. ఇప్పుడు దానిలోనూ రాళ్ళు.

"ఇది కూడా పోతే వారానికి రెండుసార్లు మిషను మీద రక్తం కడిగించుకోవాలి. అప్పుడు గంప మోయడం మర్చిపోవాల్సిందే," అంది డాక్టరమ్మ. "ఈ జబ్బు పోయేది కాదు, జీవితాంతం ఉంటుంది. కానీ అదుపులో పెట్టొచ్చు. రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతావు?"

తుకిరా కాస్త గర్వంగానే చెప్పింది. "నేను ఊరికే కూర్చోలేదు, డాక్టరమ్మా. రాళ్ళకని పిల్లిమీసాల ఆకు కషాయం రోజూ తాగుతున్నాను. చాలా గట్టిగా కాస్తాను. మూడు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసయ్యేదాకా."

"ఆ ఒక్క గ్లాసేనా తాగేది?"

"ఆ. సారమంతా దానిలోనే కదా ఉంటుంది."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. నవ్వాలో ఏడవాలో తెలియనట్టు చూసింది. "అమ్మా, నువ్వు ఆవిరి చేసి గాల్లోకి వదిలేశావే రెండు గ్లాసులు, నీకు మందు అవే!"

ఆ మాటకి తుకిరా మొహం నేను మర్చిపోలేను. మా అమ్మ, అమ్మమ్మ, మా జావాలో ప్రతి పొయ్యి ముందూ కూర్చున్న ప్రతి ఆడదీ అలాగే కాచింది. మూడింటిని ఒకటి చెయ్యడం. దాన్ని ఎవరూ ఎప్పుడూ తప్పుపట్టలేదు.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. ఎండుచేపలు, పేగులు, కాలేయం, గింజల అప్పడాలు మానమంది. పొద్దున్న ఖాళీ కడుపుతో బయల్దేరొద్దంది. రోజుకి పన్నెండు పెద్ద గ్లాసులు, అందులో సగం మధ్యాహ్నంలోపే. "సరిపోయిందో లేదో నాకెలా తెలుస్తుంది?" అని తుకిరా అడిగితే, డాక్టరమ్మ తుకిరా వదలకుండా వెంట తెచ్చుకున్న బకెట్ వైపు చూసి చెప్పింది. "ఒకటికి వెళ్ళినప్పుడు రంగు చూసుకో. నీ పసుపు చింతపండు రంగులో ఉందంటే తాగలేదన్నమాట. నువ్వు గ్లాసులు కడిగే నీళ్ళు ఉన్నాయే, మొదటి ఇంటి దగ్గర ఎలా ఉంటాయో, అలా ఉండాలి."

తిరిగొస్తూ రిక్షాలో తుకిరా మెల్లిగా అంది. "తాగమంటుంది సరే. తాగితే బయటికి పోవద్దా? నేను వీధులమ్మట తిరిగేదాన్ని. ఒకళ్ళ గేటు తట్టి, మీ దొడ్డి ఎక్కడండీ అని అడగమంటారా? సిగ్గుతో చచ్చిపోతాను ముందు."

అదీ అసలు సంగతి. పాతికేళ్ళుగా ఆమె దాహం ఆపుకున్నది అందుకు. గంప మోసే ఆడవాళ్ళందరిదీ అదే పద్ధతి. పైగా ఆమె పుట్టిన కొండల్లో ఎండాకాలం రెండు గుట్టలు దాటి కుండతో నీళ్ళు తెచ్చుకోవాలి. నిండు గ్లాసు గటగటా తాగితే ఆమెకి ఇంకొకరి వాటా లాక్కున్నట్టు ఉంటుందట. ఇక మా మర్యాదలు సరేసరి. ఎవరింట్లోనైనా మూడుసార్లు తాగమంటే గాని గ్లాసు ముట్టుకోకూడదు, ముట్టుకున్నా అడుగున కాస్త మిగల్చాలి.

మర్నాటి నుంచి గేటు మీద ఆమెకోసం గ్లాసు నీళ్ళు పెట్టాను. "తాగు యు" అన్నాను. మూడుసార్లూ అన్నాను. రెండు గుక్కలు తాగి, ముప్పాతిక గ్లాసు వదిలేసి, "చాలు, బు, కడుపు నిండిపోయింది" అని వెళ్ళిపోయింది. వారం అలాగే. ఆ వారం చివర మళ్ళీ చతికిలబడింది, ఈసారి మూడో ఇంటి ముందు.

లోపలికి రమ్మని ఆమెకి నేను చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. ఆ మాట అంటే ఆమె సిగ్గుపడుతుంది, ఆమె సిగ్గుపడితే నేను సిగ్గుపడతాను. జీవితమంతా కాగితాల మీది మాటలతో గడిపినదాన్ని, నోటి మాట నాకు రాదు. బజారుకి వెళ్ళి ఒక జత చెక్క పావుకోళ్ళు కొన్నాను, దొడ్లోకి వేసుకునేవి. తెల్లవారకముందే వాటిని గేటు లోపల, మొదటి మెట్టు మీద పెట్టాను. ముందు కొసలు ఇంటివైపు తిరిగేట్టు.

తుకిరా వచ్చింది. నీళ్ళ గ్లాసు చూసింది. పావుకోళ్ళు చూసింది. నన్ను చూడలేదు. గ్లాసు ఎత్తి, ఆగకుండా, అడుగుదాకా తాగింది. గంప దించింది. నా ఇంటి వెనకవైపుకి ఆ పావుకోళ్ళ చప్పుడు టక్కు టక్కుమని పోయింది, టక్కు టక్కుమని తిరిగొచ్చింది.

"చేదా, తీపా?" అంది, ఏమీ జరగనట్టు.

అక్కడితో ఆగి ఉంటే అది మా ఇద్దరి మధ్యే ఉండేది. కానీ మా పక్కింటి బు ప్రప్తికి బాతిక్ అద్దకం గుడ్డల కొట్టుంది, గొంతూ ఉంది. "ఏంటి హర్నీ, గేటు దగ్గర పావుకోళ్ళు పెట్టావు? ఇంట్లో మగపురుగు వచ్చిందా?" అని అడిగింది. చెప్పక తప్పలేదు. ఆ ఆదివారం ఆడవాళ్ళ కూడికలో ఆమె చెప్పేసింది. సోమవారానికి మా వీధిలో తొమ్మిది గేట్ల దగ్గర తొమ్మిది జతల పావుకోళ్ళు, అన్నీ లోపలికే తిరిగి.

తుకిరా ఆ పొద్దున నా గేటు దాకా వచ్చి గంపైనా దించకుండా విరుచుకుపడింది. "బు! ఊరంతా నా ఉచ్చ గురించే మాట్లాడుకుంటోంది! నేనింక ఈ వీధిలో తలెత్తుకు తిరగాలా?"

"తిరగాలంటే కిడ్నీ ఉండాలిగా," అంది గోడ అవతల నుంచి బు ప్రప్తి. "ముందు దాన్ని నిలబెట్టుకో, తల సంగతి తర్వాత చూద్దాం."

తుకిరా గోడవైపు చూసింది. కోపం ఎక్కడ దించుకోవాలో తెలియక, చేతికందిన నా నీళ్ళ గ్లాసు గటగటా తాగేసింది. "ఇదిగో, ఇవాళ్టికి ఒకటయింది. ఇంకెన్ని తాగి చావాలి?"

"పదకొండు," అన్నాను.

"రాక్షసులు!"

మా వీధిలోని ఆ పదకొండు ఇళ్ళు అయ్యాక ఉండేది ఎత్తుగోడల మేడ. గోడలే రెండు నిలువులు, తలుపు ఏనుగు పట్టేంత. అందులో ముసలావిడ, పాత బాతిక్ షావుకార్ల ఇంటి కోడలు. అక్కడ పావుకోళ్ళు ఎవరూ పెట్టలేదు. కానీ బజారు దాటేదాకా మధ్యలో ఇంకో ఇల్లు లేదు. మూడు నెలలు తుకిరా అక్కడికి వచ్చేసరికి తాగడం మానేసి, బజారు అంచుదాకా పళ్ళు బిగపట్టుకుని నడిచింది. డాక్టరమ్మ చూసి, రంగు ఇంకా దిగలేదంది.

ఒక రోజు తుకిరా సగం దారిలోంచి నా గేటు దగ్గరికి తిరిగొచ్చింది, మొహం వెలిగిపోతూ. "అడిగేశాను, బు!"

"ఎవర్ని?"

"పెద్దావిడని! తలుపు కొట్టాను. అమ్మగారూ, నాకు ఒకటికి వెళ్ళాలి అన్నాను. ఏమందో తెలుసా? 'నాకు గంటకోసారి వెళ్ళాలే తల్లీ, నువ్వు ముందెళ్ళు, నేను నీ తర్వాత' అంది!" నవ్వి నవ్వి ఊగిపోతుంటే గంపలో సీసాలు ఒకదానికొకటి తగిలాయి. "పాతికేళ్ళు, బు. ఈ ఒక్క మాట అడగలేక పాతికేళ్ళు."

అప్పటినుంచి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అరటాకులో ఉడికించిన సొరకాయ, పులియబెట్టిన సోయా గింజల టెంపే కాస్త, అన్నం కట్టుకుని వచ్చి ఏడో ఇంటి అరుగు మీద కూర్చుని తినేది. పైన సగం బొప్పాయి. "ఎండుచేప కలలోకి వస్తోంది, బు. నిన్న నన్ను పేరు పెట్టి పిలిచింది," అనేది. పిల్లిమీసాల ఆకు మానలేదు. కానీ మూడు గ్లాసులు పోసి, ఒక్క పొంగు రానిచ్చి, మూడూ తాగేది. డాక్టరమ్మ ఆ ఆకు సంగతి పట్టించుకోలేదు. "నీళ్ళతో వస్తోంది కదా, రానీ" అంది.

వాళ్ళ గదిలో మాత్రం ఎగతాళి ఆగలేదు. గియెం, ఆ నాణెంతో గీకిన మనిషే, రోజూ సాయంత్రం అడిగేదట: "ఏమ్మా తుకిరా, ఇవాళ ఎన్ని ఇళ్ళు పావనం చేశావు?" తుకిరా లెక్క చెప్పేదట, ఒక్కటీ తగ్గించకుండా.

రెండేళ్ళు తిరిగాక స్కాన్ తీయించారు. కొత్త రాయి లేదు. పాతవి రెండు కరిగి చిన్నవయ్యాయి. ఎడమ కిడ్నీ తిరిగి రాదు, కుడిది ఉన్నచోటే గట్టిగా ఉంది. డాక్టరమ్మ "గంప మోసుకో, పో" అందట. ఆ కాగితం మడిచి రవికలో పెట్టుకుని, తుకిరా పన్నెండు గేట్ల దగ్గరా ఒకే కేక వేసింది: "నాది కడిగిన నీళ్ళ రంగే!" బు ప్రప్తి కొట్లోంచి బయటికొచ్చి చప్పట్లు కొట్టింది. మేడలోని పెద్దావిడ పనిమనిషితో పండు బొప్పాయి పంపింది. నేను పుస్తకం మూసి గేటు దగ్గరికి వెళ్ళి, చేదు అడిగాను.

ఆ తర్వాత ఏడాదికి, ఒక బుధవారం పొద్దున నా గేటు దగ్గరికి తుకిరా రాలేదు. గియెం వచ్చింది, అదే గంపతో.

"యు తుకిరా సెమరాంగ్ వెళ్ళిపోయింది, బు. అక్కడ మా ఊరి పిల్ల ఒకతె నడుం పట్టుకుని పడిపోయిందట, ఇలాంటి రాళ్ళే. దాని ఇళ్ళు పోకుండా తను తిరుగుతానంది, దానికి తాగడం నేర్పుతానంది. అక్కడ ఒక్క గేటూ తెలీదు తనకి. 'అడుగుతాను, ఏమవుతుంది' అంది." తర్వాత తలొంచుకుని గొణిగింది. "ఈ ఇంట్లో పావుకోళ్ళు ఉంటాయని చెప్పింది."

"ఉన్నాయి," అన్నాను. గియెం గ్లాసు అందుకుంది. మూడుసార్లు అడిగించుకోలేదు.

ముందురోజు పొద్దున తుకిరా ఎప్పటిలాగే వచ్చింది. చేదా, తీపా అని అడిగింది. నాకు చేదు పోసి, పైన తీపి పోసింది. తన నీళ్ళు అడుగుదాకా తాగి, ఇంకో గ్లాసు అడిగింది. అదీ తాగి గ్లాసు గోడమీద బోర్లించింది. పావుకోళ్ళు వేసుకుని వెనక్కి వెళ్ళొచ్చింది. వాటిని విడిచి, వంగి, ముందు కొసలు ఇంటివైపు తిప్పి జాగ్రత్తగా సర్దింది. గంప ఎత్తుకుంది, చారల గుడ్డ భుజం మీద బిగించింది. వస్తాననలేదు. బకెట్ ఊపుకుంటూ పక్క గేటు వైపు నడిచింది.