మెరవకూడని పని

మా లేత్ మిషన్ మేస్త్రి గారు పోయారని మొన్న ఆదివారం పొద్దున వాళ్ల పెద్దమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే వెళ్లిపోయారట. ముందురోజు సాయంత్రం కూడా గేటు గడియ సరిగ్గా పడటం లేదని విప్పి బాగుచేశారట. అది విని ఏడుపొచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది.

తొంభైల చివర్లో, మాదాపూర్‌లో బండలు పేల్చి సాఫ్ట్‌వేర్ భవనాలు కడుతున్న రోజుల్లో, అక్కడే ఒక అద్దె ఇంట్లో మా చిన్న క్వాంటం పరిశోధన కంపెనీ ఉండేది. కాలేజీ ఉద్యోగం మానేసి దాన్ని పెట్టిన మా సార్, ఎమ్మెస్సీ ముగించిన మేమిద్దరం, మూసాపేట నుంచి సైకిలు మీద వచ్చే మేస్త్రి గారు. అంతే, నలుగురం. లేజర్ కాంతిని తగ్గించి తగ్గించి, ఒక్కో కాంతి కణాన్నీ పంపి, అవతల కౌంటర్‌తో లెక్కపెట్టేవాళ్లం. చుట్టాలకు ఈ మాట చెబితే "హాయిగా కంప్యూటర్ నేర్చుకోకూడదటే?" అనేవారు.

ఆ కాంతిని మళ్లించే అద్దాలను నిలబెట్టే అల్యూమినియం స్టాండ్లన్నీ మేస్త్రి గారి చేతివే. ఎవరూ అడక్కపోయినా ఒక్కోదాన్నీ పూటంతా రుద్ది మెరిపించేవారు. సార్ వాటిలో చూసుకుని తల దువ్వుకునేవారు.

ఆ ఏడాది ఢిల్లీ నుంచి, మాకు డబ్బిచ్చే శాఖవాళ్లు ముగ్గురు మా పని చూడటానికి వస్తామన్నారు. వాళ్లు మెచ్చకపోతే కంపెనీ మూసెయ్యాల్సిందే. సరిగ్గా వారం ముందు, కౌంటర్ మేం పంపినదానికంటే ఎక్కువ లెక్క చూపడం మొదలుపెట్టింది. తీగలను అనుమానించాం, కరెంటును తిట్టాం. చివరికి సార్ తన నల్ల గొడుగు విప్పి ఒక స్టాండుకు అడ్డం పెడితే లెక్క ఠక్కున పడిపోయింది. ఢిల్లీవాళ్లు వస్తున్నారని మేస్త్రి గారు మళ్లీ రుద్దిన స్టాండ్ల మెరుపే కాంతిని చెదరగొట్టి కౌంటర్‌లోకి నెడుతోంది.

ఆ మాట మేస్త్రి గారితో అనడానికి మాకు నోరు రాలేదు. "ఇంకేదైనా దారుందేమో చూద్దామండీ" అంటూ సార్ రెండు రోజులు ఆ గొడుగును అటూ ఇటూ తిప్పారు. మూడో రోజు మేస్త్రి గారు నన్ను పక్కకు పిలిచారు.

"ఏంది బిడ్డా, లోపల వాన పడుతుందా? గొడుగెందుకు? నిజం చెప్పు."

చెప్పేశాను. ఆయన చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టారు.

"గిది ముందే చెప్పాలె గద! ఊకె పరేషాన్ అయితున్నరు. కొలతకు మొహమాటం లేదు బిడ్డా," అంటూ లేచి, గరుకు కాగితం తీసుకుని, ఏడాదిపాటు తాను మెరిపించినవన్నీ గీకడం మొదలుపెట్టారు. నేను చూడలేక కూకట్‌పల్లి పోయి, బళ్లలో నల్లబల్లలకు వేసే రంగు డబ్బా తెచ్చాను. రెండు పూతలూ ఆయనే వేశారు. తప్పు తెలిసిన రోజున మొహం ముడుచుకోకుండా దిద్దుకోవడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

వచ్చినవాళ్లు అంకెలు చూసి తృప్తిపడ్డారు. పని కొనసాగించమన్నారు. సార్ అందరికీ మైసూర్‌పాక్ పంచుతుంటే మేస్త్రి గారు కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్తే లేజర్ గదిలో స్టూలు మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఒకప్పుడు అక్కడి చిన్న ఎర్ర బల్బు వెలుగుకే స్టాండ్లన్నీ తళతళలాడేవి.

"పెద్ద లైటు వెయ్యనా మేస్త్రి గారూ?"

"వద్దు బిడ్డా. నా పని చూసుకుంటున్న."

"ఏం కనిపిస్తోందండీ?"

ఆయన ఇంకాస్త ముందుకు వంగి చూశారు.

"ఏం కనవడ్తలేదు," అన్నారు సంతోషంగా. "మంచిగొచ్చింది."