తాళం వేసిన విశ్రాంతి గది

సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు ఊడిపోతున్న రోజులవి. గుడివాడలో బందరు పాసింజరెక్కిన ఓ అమ్మాయి నా ఎదుట కూర్చుంది. హైదరాబాదులో తన ఉద్యోగమూ పోయిందని, ఇంటికి వెళ్తున్నానని చెప్పింది. కంపెనీ పేరు కూడా చెప్పింది. ఆ ఆఫీసు ప్లాను గీసింది నేనే.

“అలిసిపోయినవాళ్లు కాసేపు నడుం వాల్చడానికి అక్కడో గది ఉందటగా?” అన్నాను, కాస్త గర్వంగానే.

“తాళం వేసుంచేవాళ్లండీ. మాతో రాజీనామా రాయించుకునేటప్పుడే తీసేవాళ్లు. లోపల ఎంత ఏడ్చినా బయటికి వినపడదు కదండీ.”

పెడన దాటాక, “మీరేం చేస్తుంటారండీ?” అని అడిగింది.

“ఇళ్ల ప్లాన్లు గీస్తానమ్మా,” అన్నాను.

ప్లాను గీయించుకునేటప్పుడు ప్రతి గదికీ ఖర్చని సణిగిన ఆ కంపెనీ యజమాని, ఆ ఒక్క గదికి మాత్రం గోడలు ఇంకాస్త మందంగా కట్టించమన్నాడు. ఎంత మంచి మనిషో అని ఆ రోజు ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను.