అన్నంత గట్టిగా

నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, విజయదశమి వెళ్లిన వారం, ఆదివారం. చోటు: హిందూపురానికీ పెనుకొండకూ నడుమ ఉన్న మా ఊరి మల్బరీ తోట. ఉన్నవాళ్లు: మా నాయన, ధర్మవరం నుంచి పండగకు వచ్చిన మా అత్త, ఆకు కోసే ఇద్దరు ఆడవాళ్లు, నేను. ఉండాల్సిన మనిషి ఒకాయన లేడు. మా ట్రాక్టర్ తోలే మనిషి, చుట్టం కాకపోయినా నేను మామ అని పిలిచే ఆయన. ఆయన్ను ముందురోజే మా నాయన తరిమేశాడు.

ఏది రాసినా ముందు రోజు, చోటు, ఉన్నవాళ్లు రాసుకోవడం నా అలవాటు. సైన్యంలో బండ్ల వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాను. అక్కడి రికార్డులోనూ, ఇంట్లో నా డైరీలోనూ ఇదే పద్ధతి. పాత సంగతులు తలచుకుంటే మనసు మెత్తబడుతుందని చాలామంది రాస్తారు. నాకు కూడా మెత్తబడే సంగతులున్నాయి. ఇది వాటిలో ఒకటి కాదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి.

మాది పెద్ద ట్రాక్టర్ కాదు. మల్బరీ సాళ్ల మధ్య ఇమిడి తిరిగే చిన్న డీజిల్ బండి, వెనక చిన్న ట్రాలీ. తోటలో దున్నేదీ అదే, కోసిన ఆకును ఇంటికి చేర్చేదీ అదే. తోట ఊరికి దూరం కాబట్టి బండి లేకపోతే ఆకు వాడిపోతుంది. పట్టుపురుగు పెరిగే కాలంలో నాలుగుసార్లు తిండి మానేసి పొర విడుస్తుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగు గూడు కట్టేదాకా రాత్రీ పగలూ తింటూనే ఉంటుంది. అప్పుడు ఒక పూట ఆకు తప్పితే గూడు పలచనైపోతుంది. ఆ వారం మా ఇంట్లో తట్టల నిండా నాలుగో జ్వరం లేచిన పురుగులే.

సరిగ్గా అప్పుడే ఇంజను మొండికేసింది. స్టార్ట్ చేసేటప్పుడు ఏ రోగమూ కనిపించదు. తోట దాకా చక్కగా పోతుంది. సగం సాళ్లు తిరిగేసరికి శబ్దం మారుతుంది. ఒకసారి పైకి లేస్తుంది, ఒకసారి పడిపోతుంది, దగ్గు తెరలో చిక్కుకున్న ముసలాయన లాగా ఊగుతుంది, పొగ వదిలి ఆగిపోతుంది. అప్పుడు మామ గానీ మా నాయన గానీ దిగి బానెట్ ఎత్తి చూస్తారు. ట్యాంకు మూత తీసి డీజిల్ ఉందో లేదో చూస్తారు. మూత బిగించి, ఇంజను పక్కనున్న చిన్న చేతిపంపు కొడతారు. మళ్లీ స్టార్ట్ అవుతుంది, మంచి బిడ్డ లాగా నడుస్తుంది. కాసేపటికి మళ్లీ అదే దగ్గు.

హిందూపురంలో ఎవరో మా నాయనకు చెప్పారు, డీజిల్‌లో కిరసనాయిలు కలిస్తే ఇంజను ఇట్లాగే ఊగుతుందని. ఆయన అది పట్టుకున్నాడు. శుక్రవారం సాయంత్రం తోటలోనే ట్యాంకులో ఉన్నదంతా పారబోసి, ఫిల్టరు కడిగి, బంకు నుంచి తానే తెచ్చిన డీజిల్ పోశాడు. ఆ పూట బండి ఆకుతో ఇంటికి చేరేదాకా ఒక్కసారి కూడా ఆగలేదు. మా నాయనకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

శనివారం పొద్దున్నే ఊరంతా పాలు పోయడానికి చేరే చోట, బస్సు ఆగే కట్ట దగ్గర, మామను నిలబెట్టి అడిగాడు. అడగడం కాదు, అరవడం.

"యాడ అమ్మినావు నా డీజిలు? కిరసనాయిలు పోసి నా బండి కడుపులో చిచ్చు పెడతావా?"

మామ ముందు నవ్వబోయాడు, వేళాకోళమనుకున్నాడు. తర్వాత ఆయన ముఖం నల్లబడింది. "నేనట్లాంటోణ్ణి కాదన్నా. ఇంకొకసారి చూద్దాం పట్టన్నా బండిని," అన్నాడు. మా నాయన వినలేదు. పాల క్యాన్ల దగ్గరున్న ఒకాయన సందు చూసుకుని, "ఈయప్ప ఇంట్లో దీపానికి డీజిలు పోస్తాండాడేమో, చూడండప్పా, ఆ మిద్దె నుంచి పొగ బాగా వస్తాంది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మామ తాళంచెవి తీసి పాల క్యాను మూత మీద పెట్టి, తల దించకుండా వెళ్లిపోయాడు.

మా చుట్టుపక్కల ఊళ్లలో అప్పటికి ట్రాక్టర్లున్నవాళ్లు కొద్దిమంది. వాళ్లంతా ఆ పాల కట్ట దగ్గరే కలుస్తారు. డీజిల్ దొంగ అన్న పేరు పడినవాడికి వాళ్లలో ఎవరూ బండి ఇవ్వరు. ఆయనకు పొలం లేదు, ఇంకో పని రాదు. ఆ మాట ఒక మనిషి నోటి ముందరి ముద్ద తీసేసేది. అది మా నాయనకు తెలుసు. తెలిసీ అన్నాడు.

ఇక మా అత్త సంగతి. మా నాయనకు అక్క. ధర్మవరంలో మగ్గాలకు అచ్చులు అతికే పని ఆమెది. చీర పూర్తయ్యాక పాత పడుగు పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వేలితో మెలేసి అతకాలి. వేల పోగులు. ఒకటి తప్పితే బట్ట అంతా తప్పు. అంత ఓర్పు చేతిలో ఉన్న మనిషికి నోట్లో మాత్రం ఓర్పు లేదు. ఆమె వస్తోందంటే మా వీధిలో కుక్కలు కూడా దారి ఇస్తాయని మా అవ్వ అనేది.

ఆదివారం మా నాయనే బండి తోలాడు. అత్త, నేను ట్రాలీలో కూర్చున్నాం. సగం తోట తిరిగేసరికి ఇంజను ఊగింది, దగ్గింది, ఆగింది. ఆయన సొంతంగా తెచ్చిన డీజిల్, ఆయన సొంత చెయ్యి. అప్పుడు మా నాయన స్టీరింగ్ మీద గుద్ది, "వాడు పోసిన కిరసనాయిలు పంపును తినేసుండాది," అన్నాడు.

అత్త చేతిలోని ఆకు మోపును నేలకేసి కొట్టింది.

"పోసింది నువ్వు. తోలింది నువ్వు. ఇంకా ఆయప్ప పేరు ఎత్తుతాండావే, సిగ్గు లేదురా నీకు?"

"అక్కా, ఇంజను సంగతి నీకేం తెలుసు? నీది పట్టు పని, ఇది ఇనుము పని."

"నాకు తెలీదు. నీకూ తెలీదు. తెలీకుండానే మనిషికి దొంగని ముద్ర కొట్టినావు. నేను ఎవురికీ ముద్ర కొట్టలే. శుక్రవారం నాడు ఏమేమి చేస్తే బాగైంది, వరసగా చెప్పు."

"డీజిలు పారబోసినా. ఫిల్టరు కడిగినా. కొత్త డీజిలు పోసినా. అంతే."

"మూత తీయకుండానే పోసినావా?"

"మూత తీయకుండా ఎట్ల పోస్తారక్కా?"

"మరి అది చెప్పవే. ఇన్ని పన్లు ఒక్కసారే చేసి, వాటిల్లో నీకు నచ్చింది పట్టుకున్నావు. మేము పోగు తెగితే ఒక పోగే పట్టుకుంటాం. అది తేలేదాకా పక్క పోగు ముట్టం. నువ్వేమో మగ్గమే పీకేసి, నేతగాణ్ణి తిడతాండావు."

ఆకు కోసే ఆడవాళ్లు కొడవళ్లు ఆపి నిలబడ్డారు. మా నాయనకు వాళ్ల ముందర ఓడిపోవడం ఇష్టం లేదు. కానీ పురుగులు ఇంట్లో ఎదురుచూస్తున్నాయి. అక్క చెప్పినట్టు చేయక తప్పలేదు.

అత్త చెప్పిన పద్ధతి ఇది. బండి ఆగినప్పుడు మనం మూడు పనులు చేస్తాం: బానెట్ ఎత్తుతాం, మూత తీస్తాం, పంపు కొడతాం. ఏది చేస్తే బండి లేస్తోందో తెలియాలంటే ఒక్కసారికి ఒక్కటే చెయ్యాలి. మొదట బానెట్ ఒక్కటే ఎత్తి దించమంది. స్టార్ట్ చేస్తే రెండు దగ్గులు దగ్గి ఆగింది. తర్వాత పంపు ఒక్కటే కొట్టమంది, మూత ముట్టొద్దంది. పంపు మీట నొక్కితే నొక్కినట్టే ఉండిపోయింది, ఎప్పటిలా ఎగిరి రాలేదు. ఇంజను లేవలేదు. మా నాయన చెయ్యి తనంతట తానే మూత మీదికి పోయింది. అత్త ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "చెప్పేదాకా ఆగు," అంది.

"ఇప్పుడు తియ్. మూత ఒక్కటే."

మా నాయన మూత తిప్పాడు. లోపలికి గాలి పీల్చుకున్న శబ్దం వచ్చింది. గోలీసోడా కొట్టినప్పుడు గాలి బయటికి వస్తుంది, ఇది లోపలికి పోయింది. చాలాసేపు ఊపిరి బిగబట్టిన మనిషి పీల్చినట్టు. ఆకు కోసేవాళ్లలో ఒకామె కూడా ఆ శబ్దం విని, "అమ్మా," అంది. మూత వదులుగా పెట్టి స్టార్ట్ చేస్తే ఇంజను ఒక్క కుదుపు లేకుండా నడిచింది.

అత్త అంతటితో ఒప్పుకోలేదు. "ఒక్కసారి అయ్యింది చాలదు. నీకు శుక్రవారం ఒక్కసారి అయ్యింది, దాన్నే పట్టుకుని మనిషిని తరిమినావు," అంది. మూత గట్టిగా బిగించి, మళ్లీ ఊగేదాకా సాళ్లలో తిప్పించింది. మళ్లీ ఊగింది. మళ్లీ మూత ఒక్కటే తీశారు. మళ్లీ అదే పీల్పు, మళ్లీ బండి బాగైంది. అప్పుడు ఆమె మూతను చేతిలోకి తీసుకుని ఎండకేసి తిప్పింది.

డీజిల్ ట్యాంకు మూతకు సన్నటి రంధ్రం ఉంటుంది. లోపల డీజిల్ తగ్గుతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి దూరేది ఆ రంధ్రం నుంచే. అది మూసుకుపోతే గాలి లేక డీజిల్ కిందికి దిగదు. ఇంజను ఆకలితో ఊగుతుంది. మా మూత రంధ్రంలో గంధం, కుంకుమ, డీజిల్ జిడ్డు, తోట దుమ్ము కలిసి లప్పంలా గట్టిపడి ఉంది. దాని పైన ఇంకా చెరగని గుండ్రటి బొట్టు.

మా నాయనకు ఆయుధపూజ అంటే చాలా పట్టింపు. కొడవలి, గడ్డపార, బండి చక్రాలు, లైట్లు, స్టీరింగ్, అన్నిటికీ బొట్టు పెట్టాల్సిందే. ఏ భాగమూ అలగకూడదని ఆయన మాట. ఆ ఏడాది పండగకని మూతకు కొత్త రబ్బరు వాషర్ కూడా వేయించాడు. పాత వాషర్ పక్కనుంచి కాస్తో కూస్తో గాలి దూరేది. కొత్తది ఆ దారి కూడా మూసింది.

"ఈడ బొట్టు పెట్టింది ఎవురు?" అంది అత్త.

మా నాయన తుండుగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఆకు కోసే ఆమే చెప్పింది: "అన్న చెయ్యే కదమ్మా. హారతి పళ్లెం పట్టుకున్యా నేను. మూతకు బాగా ఒత్తి పెట్టినాడు, జారిపోతాందని."

అత్త తుమ్మముల్లు విరిచి రంధ్రం శుభ్రం చేసింది. ఊది చూసింది. మా నాయన, "సరేలే అక్కా, మనిషిని పంపి రమ్మంటాలే," అన్నాడు, ఏదో చిన్న పొరపాటు జరిగినట్టు. అప్పుడు చూశాను అత్త కోపం. అంతకుముందుది కోపమే కాదు.

"మనిషిని పంపుతావా? దొంగ అన్నప్పుడు మనిషిని పంపి అంటివా? పాల కట్ట కాడ నిలబడి అంటివి. ఈ మూత నా కాడ ఉంటుంది. ఆయప్ప చేత్తో పెడితేనే నీ బండికి మూత. లేకుంటే గుడ్డ కట్టుకుని తోలుకో."

మూతను కొంగున ముడేసుకుంది. ఆ రోజు ట్యాంకు నోటికి తుండుగుడ్డ కట్టి ఆకు తోలాడు మా నాయన. బండి ఒక్కసారి కూడా ఆగలేదు.

మరునాడు పొద్దున అత్త మూతను మా నాయన చేతిలో పెట్టి, నన్ను వెంట పంపింది. పాల కట్ట దగ్గర అందరూ ఉన్నారు. మామ కూడా ఉన్నాడు, చేతిలో సంచితో. పెనుకొండలో కూలి పని ఏదైనా దొరుకుతుందేమోనని బస్సు కోసం నిలబడ్డాడు. మా నాయన దగ్గరికి పోయి మూత చూపించి, లోగొంతుకతో ఏదో అన్నాడు. పక్కనే ఉన్న నాకే సరిగా వినపడలేదు.

మామ మూత వైపు చూడలేదు. "ఏమన్నా? వినపళ్లేదు."

మా నాయన ఇంకొంచెం పెంచి చెప్పాడు.

"మొన్న ఈడనే కదన్నా అన్నావు. ఎంత గట్టిగా అన్నావో అంత గట్టిగా చెప్పన్నా."

పాలు కొలిచే ఆయన చెయ్యి ఆగింది. దీపం గురించి హాస్యమాడిన పెద్దమనిషి క్యానులోకి తల దూర్చి ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు. మా నాయన మెడ నరాలు లేచాయి. "ఈయప్ప డీజిలు దొంగిలించలే. మూత రంధ్రం మూసింది నేను. తప్పు నాది," అన్నాడు. ఈసారి రోడ్డు అవతలి ఇళ్ల నుంచి కూడా తలలు బయటికి వచ్చాయి.

మామ మూత తీసుకుని, ఆ రంధ్రం నుంచి ఒక కన్నుతో ఆకాశం చూశాడు. జేబులో వేసుకున్నాడు. బస్సు వచ్చింది, కండక్టర్ పెనుకొండ పెనుకొండ అని అరిచాడు. మామ ఎక్కలేదు. మా తోట దారి పట్టాడు, మా నాయనకు ముందుగా, వెనక్కి తిరిగి చూడకుండా. వాళ్ల వెనక నేను నడిచాను.

అత్త పద్ధతితోనే నేను వర్క్‌షాపులో బతికాను. ఒక్కసారికి ఒక్కటే మార్చు, రెండోసారీ అదే జరిగితేనే నమ్ము, మనిషి పేరు అన్నిటికన్నా ఆఖర్న ఎత్తు. ఎన్నో ఇంజన్లు ఆ పద్ధతికి లొంగాయి. అయినా ఆ పొద్దు గుర్తొస్తే నాకు మిగిలేది ఆ పాఠం కాదు, కోపమే. మొదటి రెండుసార్లు మా నాయన గొంతు ఎందుకు లేవలేదు? దొంగ అని అరిచిందీ ఆ గొంతే కదా.