నాలుగో వ్యాసానికి విషయం

లోకంలో కషాయం మీద వ్యాసం రాయనిది నేనొక్కదాన్నే మిగిలిపోతానేమోనని, నేనూ ఒకటి రాసి పంపాను. మొదటి లాక్‌డౌన్ ఎత్తేసిన తర్వాతి నెలలవి. హైదరాబాదు నుంచి వచ్చే ఒక అంతర్జాల వారపత్రికవాళ్లు నాకు వారం వారం రాసే శీర్షిక ఇస్తామన్నారు. ముందు నాలుగు వ్యాసాలు పంపాలి, నచ్చితే కొనసాగిస్తారు. మొదటిది లాక్‌డౌన్ నేర్పిన పాఠాలు, రెండోది కుటుంబ బంధాలు, మూడోది ఈ కషాయం. మూడూ ఫోన్‌లో నలుగురూ రాసినవి చదివి, నా మాటల్లోకి మార్చినవే. అది తప్పని నాకు అనిపించనే లేదు.

సంపాదకురాలు ఫోన్ చేశారు. గొంతు మెత్తగానే ఉంది. “కషాయం మీద ఈ వారం నాకొచ్చిన వ్యాసాల్లో మీది ఆరోదండీ. భాష బాగుంది. కానీ ఇందులో మీరెక్కడున్నారు? నాలుగోది మీరు మాత్రమే రాయగలిగింది పంపండి. లేదంటే శీర్షిక సంగతి ఇంక వదిలేద్దాం.”

ఒళ్లు మండింది. సూరత్‌లో, లింబాయత్ ఇరుకు సందులో, ఒకటిన్నర గదిలో ఉండేదాన్ని. నేను మాత్రమే రాయగలిగింది ఏముంటుంది? మా సందులో విశేషమంటే నీళ్ల ట్యాంకర్ రావడమే. అయినా ఆ శీర్షిక నాకు కావాలి. డిగ్రీ మధ్యలో పెళ్లయి ఇక్కడికొచ్చాక నేను రాసిందంతా ట్యూషన్ పిల్లల నోటు పుస్తకాల్లోనే. నా పేరుతో నా మాటలు నలుగురూ చదవాలని ఎంత ఆశపడ్డానో ఎవరికీ చెప్పుకోలేదు.

కొత్త ఆలోచనలు ఎలా వస్తాయో కూడా ఫోన్‌లోనే వెతికాను. నడకకు వెళ్లమన్నారు, ప్రకృతిని చూడమన్నారు. మా సందులో ప్రకృతి అంటే మురిక్కాలవ పక్కన మొలిచిన ఆముదం చెట్టు. దాన్నీ పోయి చూశాను. అదీ నన్ను చూసింది. నాలుగు రోజులు గడిచిపోయాయి.

ఐదో రోజు మా ఆయనకు సెలవు. ఇద్దరం కూరగాయలకు వెళ్లాం. ఆయన సాంచాల మీద పనిచేస్తారు. మరమగ్గాలను మావైపు సాంచాలంటారు. వంకాయలు ఏరమంటే చేతికందినవన్నీ సంచిలో పోశారు. “పుచ్చులన్నీ ఏరి తేవడం ఈయనకే చెల్లింది” అని నోట్లోనే గొణుక్కున్నాను. ఆయన నావైపు చూసి ఊరుకున్నారు. ధైర్యం వచ్చి, ఈసారి మా అత్తగారిని కూడా కలిపి ఇంకో మాట అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు!

ఇందులో వింతేముందంటారా? ఆయన ముందు తొమ్మిదేళ్లుగా నాకు గొణుక్కునే భాగ్యం లేదు. సాంచాల చప్పుడులో పక్కవాడు అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్లు ఒకరి పెదవులు చూసి ఒకరు మాట గ్రహిస్తారు. నేను పొయ్యి దగ్గర నిలబడి పెదవి కదిపితే చాలు, గదికి అవతలి నుంచి “ఏందే, నడుమ మా అమ్మేం చేసింది?” అని జవాబొచ్చేది. పెళ్లయిన కొత్తలో ఈయనకు మంత్రాలేమైనా వచ్చేమోనని హడలిపోయాను. ఇప్పుడు నా నోటికి మాస్కుంది, అంతే. తిరిగొచ్చే దారి పొడవునా, తొమ్మిదేళ్లుగా మింగినవన్నీ హాయిగా అనేశాను. ఇంట్లో అడుగు పెట్టాక నవ్వు ఆపుకోలేక సంగతి నేనే చెప్పేశాను.

ఆయనా నవ్వారు. కాళ్లు కడుక్కుంటూ అన్నారు, “నీకైతే మంచిగనే ఉన్నది. మాకే మాటల్లేవు. శేఠ్ మాస్కు తియ్యనిస్తలేడు. పన్నెండు గంటలు ఒక్కన్నే ఉన్నట్టుంటది. పక్క సాంచా ఆయన బిడ్డకు సంబంధం చూస్తున్నమన్నడు. కుదిరిందో లేదో, నెల రోజులాయె.”

“ఫోన్ చేసి అడుగరాదు?”

“ఫోన్ల ఏం మాట్లాడుత? మేం సాంచాల కాడనే మాట్లాడుకుంటం.”

నా నవ్వు ఆగిపోయింది. ఆయన అన్నం డబ్బా పట్టుకుని పోయేది పనికే అనుకున్నాను. ఆ చెవులు పగిలే చప్పుడులో ఆయనకు స్నేహితులున్నారనీ, కబుర్లున్నాయనీ, అవి ఇప్పుడు లేవనీ నాకు తట్టనేలేదు. జాలేసింది, సిగ్గూ వేసింది. ఇది కదా నేను రాయాల్సింది అని కూడా ఆ క్షణంలోనే అనుకున్నాను, దాచుకోవడమెందుకు. ఆ మధ్యాహ్నమే కూర్చుని రాశాను. ఒక్కసారి కూడా ఫోన్ తీసి వెతకలేదు. నా గొణుగుడు కూడా ఉన్నదున్నట్టు పెట్టేశాను.

రెండు రోజులకు సంపాదకురాలి సందేశం. “శీర్షిక మీదే. ఐదోది ఎప్పుడు?” ఒకటిన్నర గదిలో ఎంత గెంతగలమో అంతా గెంతాను. గెంతడం అయ్యాక భయం పట్టుకుంది. ఐదోదానికి ఏం రాయను?

వ్యాసం వచ్చిన రోజు మా ఆయన దాన్ని సాంచాల దగ్గరి తెలుగువాళ్లందరికీ పంపారు. సాయంత్రం పక్క సాంచా ఆయన ఫోన్ చేశాడు. సాంచాలవాళ్లకు మెల్లగా మాట్లాడడం రాదు, స్పీకర్ పెట్టకుండానే ఇల్లంతా మోగింది. బిడ్డకు సంబంధం కుదిరిందని ముందు చెప్పాడు. తర్వాత నన్ను పిలిపించుకున్నాడు.

“చెల్లె, మంచిగ రాసినవ్. గని అసలుది ఇడ్సిపెట్టినవ్. మాస్కులొచ్చినంక మేం పాటలు పాడుకుంటున్నం! ఎవ్వరికి వినవడదు, మూతి కనవడదు, ఇంక సిగ్గేంది? ఎవని పాట వాడు గొంతెత్తి పాడుడే. బావ పాడుతుంటే మాస్కు ఎట్ల ఎగురుతదో నువ్వు చూడాలె!”

వెనక్కి తిరిగి చూశాను. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తొమ్మిదేళ్లలో ఆయన కూనిరాగం తీయగా నేను వినలేదు.

“నువ్వు పాడుతవా?”

“ఊకో.”

“ఒక్కటి పాడు.”

“చప్పుడు లేకుంటే నాకు నోరు లేవదే” అన్నారు గోడవైపు చూస్తూ.

చట్నీకి వేయించిన పల్లీలు అక్కడే చల్లారుతున్నాయి. జారులో పోసి, మూత గట్టిగా పట్టుకుని, మిక్సీ వేశాను. గది దద్దరిల్లింది. ఆయన నన్ను చూసి పెద్దగా నవ్వారు. కాసేపు తల దించుకుని, కళ్లు మూసుకుని, నోరు తెరిచారు. మెడ నరాలు ఉబ్బాయి, చెయ్యి దానంతటదే లేచింది. ఒక్క ముక్క వినపడలేదు. పల్లీలు పొడి అయ్యాయి, పొడి ముద్దయి నూనె తేలింది, జారు వేడెక్కింది. నేను మాత్రం మిక్సీ ఆపలేదు.