మామయ్య వెతికిన నీడ

మా మేనమామ మొన్న తెల్లవారుజామున దవాఖానలో కన్నుమూశారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ కబురు నేనే పెట్టాను. పెట్టగానే ఒకాయన, “మాడిపోయిన శతావరి అంకులేనా?” అని అడిగారు. ఒళ్లు మండి ఫోను పక్కన పడేశాను.

మామయ్య అటవీశాఖలో రిటైరై, పుప్పాలగూడలో మా పై అంతస్తులోనే ఉండేవారు. బిల్డింగు వెనక గుట్ట పక్కన కాసిన్ని చెట్లున్న జాగా ఉంది. అక్కడ జిన్సెంగ్ వేద్దామని వాకింగ్ మిత్రులు ఉబలాటపడితే ఆయన పకపకా నవ్వారు. “దానికి గడ్డకట్టే చలి గావాలె. ఈ ఎండకు బతుకుతదా? శతావరి పెడ్దాం. అది గూడ మందు గడ్డనే.”

ఇక జాగా వెతుకులాట. పొద్దున్నే చెప్పుల్లేకుండా రాలిన ఆకుల్లో తిరిగేవారు. గుప్పెడు మట్టి పిసికి వాసన చూసేవారు. చెంబుతో నీళ్లు పోసి, అవి ఇంకేదాకా కదిలేవారు కాదు. “నీళ్లు నిలిస్తె గడ్డ మురుగుతది బిడ్డా. నీడ జల్లెడ పట్టినట్టుండాలె,” అనేవారు. వానలు తగ్గాక వేపచెట్టు పక్కన చల్లటి చోటు చూసి, అందరి చేతా నాటించారు.

ఎండాకాలానికి మొక్కలన్నీ చీపురుపుల్లలయ్యాయి. సూర్యుడు నడినెత్తికి రాగానే మా బిల్డింగు నీడ గోడ దగ్గరికి ముడుచుకుపోయింది. అన్నాళ్ల చల్లదనం వేపది కాదు, బిల్డింగుది.

“గిన్నేండ్లు అడవిల తిరిగినోణ్ణి, బిల్డింగు నీడను చెట్టు నీడనుకున్న,” అని ఆయనే ఇంటింటికీ వెళ్లి చెప్పుకున్నారు. అడిగిందెవరు! కొందరు నవ్వారు. ఆ నవ్వుకు నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత వాకింగ్ మానేశారు. లిఫ్టులో ఎవరైనా ఉంటే మెట్లెక్కేవారు. “ఎవ్వరేమనుకుంటలేరు మామా,” అంటే, “నేననుకుంటున్న గద,” అనేవారు. మా ఆఫీసులోనైతే తప్పెవరిదో తేలేలోపే మీటింగు అయిపోతుంది.

పోయిన నెల ఓ మధ్యాహ్నం తలుపు తట్టారు. “జర వస్తవా? నా కండ్ల మీద నాకే నమ్మకం పోయింది.”

మండుటెండలో గుట్ట అవతల కానుగ కిందికి తీసుకెళ్లి, ఈ నీడ దేనిదో చెప్పమన్నారు. చెట్ల గురించి ఆయన నన్నడగడమా! సిగ్గుతో చచ్చిపోయాను. బిల్డింగు ఎక్కడో దూరంగా ఉంది.

“చెట్టుదే మామా. సూడు, గాలికి కదులుతుంది.”

“ఇగ వానలు పడంగనె పెడ్దాం,” అంటూ అరచేయి చాపారు. దాని మీద ఆకుల నీడలు అల్లాడుతున్నాయి. ఇంటికి పోదామన్నా చేయి తీయలేదు. నా మాటా నమ్మలేక, ఆ నీడ నిజంగానే కదులుతోందా అని చూస్తూ అలాగే నిలబడిపోయారు.