దొరని పడగొట్టిన యెహెజ్కేలు

ఆ శనివారం పొద్దున్న యెహెజ్కేలు గంజి ముట్టలేదు. కడుపు బరువైతే పరిగెత్తలేనని చెప్పి ముంత దీనమ్మ వైపు జరిపాడు. ఆమె నమ్మినట్టే తాగింది. ఆమెకి ఎనిమిదో నెల.

గోదావరి వరదకి పల్లంలో ఉన్న వాళ్ళ పాక గోడలతో సహా కరిగిపోయింది. అప్పటి నుంచి మొగుడూ పెళ్ళామూ ధవళేశ్వరంలో మిషను బడి వరండాలో తలదాచుకుంటున్నారు. సోమవారం బడి తెరుస్తారు, వరండా ఖాళీ చెయ్యాలి. ఈలోగా దొరికే ఆశ ఉన్న ఇల్లు ఒక్కటే. కాలువ లాకు తలుపులు తీసి మూసే లస్కరుకి లాకు పక్కనే పెంకుటిల్లు ఇస్తారు. ఆ పని ఖాళీగా ఉంది. ఇవ్వవలసినవాడు ఇంజనీరు దొర.

దొర గొడవ వేరు. కాకినాడ దొరలతో రగ్బీ ఆట పెట్టుకున్నాడు. తన పదిహేను మందిలో ఒకడు జ్వరంతో మంచమెక్కాడు. రేవులో పడవ మీంచి విసిరే పెంకుల్ని ఒక్కటీ పగలకుండా అందుకుంటున్న యెహెజ్కేలుని చూశాడు. కోడిగుడ్డు ఆకారపు తోలు బంతి తెప్పించి ఆకాశంలోకి తన్నాడు. యెహెజ్కేలు దాన్నీ పెంకులాగే రొమ్ముకి హత్తుకున్నాడు.

"నువ్వు ఫుల్‌బ్యాక్," అన్నాడు దొర. "అందరికీ వెనక నిలబడు. నిన్ను దాటితే గీత దాకా ఇంకెవరూ లేరు. గీత అవతల బంతి నేలకి ఆనిస్తే వాళ్ళకి పాయింట్లు. బంతితో వచ్చేవాడి తొడలు పట్టి పడగొట్టు. వాడు బంతి వదిలేదాకా నువ్వు వదలకు. ఒక్కడూ దాటకపోతే లాకు ఇల్లు నీది."

సాయంత్రాలు ఇసుకలో ఆశీర్వాదాన్ని పడగొట్టి నేర్చుకున్నాడు. ఆశీర్వాదం కాలువ గట్టున పడవలు లాగే కూలి, వీళ్ళతో పాటు చర్చికి వచ్చేవాడే.

"ఒరే, నడుం విరిచేస్తావేంట్రా! నీకు ఇల్లొస్తది, నాకు పాడె కట్టాల!"

"ఇంకొక్కసారి పరిగెత్తరా బాబూ."

"దీనమ్మా, నీ మొగుడికి దొరలేం పెడతన్నారో గానీ దున్నపోతైపోయేడే!"

దీనమ్మ నవ్వలేదు. "మునసబుగారు ఎదురొస్తే గట్టు దిగి బురదలో నిలబడతావు. దొర ఎదురొస్తే పడేస్తావా?" అంది.

"దొరే కదే పడెయ్యమన్నాడు."

"ఆయన నోటితో అన్నాడు. నీ ఒళ్ళు వినాలి కదయ్యా."

ఆ శనివారం మైదానంలో యెహెజ్కేలు పంచె ఎగ్గట్టి, అందరికీ వెనక ఒంటరిగా నిలబడ్డాడు. మైదానం అంచున కూలిజనంలో దీనమ్మ చతికిలబడింది. తన మీదికి వచ్చిన బంతులన్నీ అందుకున్నాడు. ఆట ముగిసే వేళకి ఇంజనీరు దొర పక్షమే ముందుంది.

అప్పుడు కాకినాడ జట్టులోని ఎర్రమీసాల దొర బంతి చంకన పెట్టుకుని అందరినీ తప్పించుకుని దూసుకొచ్చాడు. ఎదురుగా యెహెజ్కేలు ఒక్కడే. కాళ్ళు వాటంతటవే పక్కకి జరిగాయి, చిన్నప్పటి నుంచీ గట్టు దిగిన కాళ్ళు. పెంకుటిల్లు గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని దూకాడు. తొడలు దొరికాయి. ఇద్దరూ దబ్బున పడ్డారు.

కళ్ళు తెరిచేసరికి మోచేతి కింద ఎర్రటి దొర మొహం, దాని నిండా మట్టి. ముక్కులోంచి రక్తం.

"పట్టుకో! వదలకు!" ఇంజనీరు దొర గొంతు చించుకుంటున్నాడు. యెహెజ్కేలు చేతులు అప్పటికే విడిపోయాయి. మోకాళ్ళ మీదికి లేచి రెండు చేతులూ జోడించాడు.

"తప్పైపోయిందండి దొరగారూ! తమరు చమించాలండి!"

ఎర్రమీసాల దొర తెల్లబోయి చూశాడు. బంతి ఇంకా అతని చంకలోనే ఉంది. లేచి, గీత దాటి పరిగెత్తి బంతిని నేలకి ఆనించాడు. కాకినాడ గెలిచింది.

దీపాలు పెట్టేవేళ యెహెజ్కేలు దొర బంగళా వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"బాబుగారూ, లాకు ఇల్లండి..."

"బాగా పడగొట్టావు," అన్నాడు దొర. "మరి ఎందుకు వదిలావు?"



ఇల్లు దొర బట్లరు బావమరిదికి పోయింది. సోమవారం బడి గంట కొట్టకముందే దీనమ్మ వరండా కడిగి, కుండా చాపా ఆశీర్వాదం తాడు పట్టి లాగే పడవలోకి, ఉప్పు బస్తాల పక్కకి మార్చింది. పడవ యజమాని మండపేట దాకా తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నాడు. అక్కడ ఆమె పెద్దమ్మ కూతురు ఉంది, వీళ్ళని చేరనిస్తుందో లేదో తెలియదు.

మళ్ళీ ఆట నెల తరవాత. రోజూ సాధనకి రమ్మని దొర కబురు పెట్టాడు. అప్పటికి ఇంకో లాకు ఖాళీ కావచ్చట. పడవ దీనమ్మని ఎక్కించుకుని కదిలినప్పుడు యెహెజ్కేలు గట్టు మీదే ఉండిపోయాడు. సాయంత్రం మైదానానికి వెళ్ళాడు.