మంచినీళ్లు అన్నాను

ఈ ఉదయం అక్వేరియం మూత తీయగానే సముద్రం వాసన గుప్పుమంది. రాయిని కరుచుకుని సీ ఎనిమోన్ హాయిగా విచ్చుకుని ఉంది. చూసినవాళ్లు పువ్వనుకుంటారు గానీ అది నోరూ కడుపూ ఉన్న ప్రాణి. దాన్ని బతికించడం నాకు నేర్పింది కొవ్వూరులో మా పక్కింటి సుబ్బారాయుడు మాస్టారు. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఆయన మీద గౌరవమూ ఒళ్లుమంటా ఒకేసారి పుట్టుకొస్తాయి.

ఆయన బడి మాస్టారు కాదు. రొయ్యపిల్లల హేచరీలో నీళ్లు పరీక్షించి రిటైరైన మనిషి. ఇవాళ నేను చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నానంటే ఆయన చలవే. అక్వేరియం ముందు స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టేవారు. "నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు ఎక్కడికీ పోదమ్మా. తగ్గాయి కదా అని మళ్లీ ఉప్పునీళ్లు పోశావో, చంపేసినట్టే. మంచినీళ్లే పొయ్యాలి," అనేవారు. ఆయన లెక్కలో మంచినీళ్లంటే పక్కనే ఉండే ఫిల్టర్ నీళ్ల క్యాను. ఎనిమోన్‌కు రొయ్యముక్క తానే పట్టకారుతో అందించేవారు. భార్య రత్నమ్మగారు అన్నం తిన్నారో లేదో మాత్రం ఆయన అడగ్గా నేనేనాడూ వినలేదు. ఆవిడ ఆ గదిలోకి వస్తే, "చెయ్యి పెట్టకు, నీకు తెలీదు," అని కసిరేవారు. నాకు తెలుసు కదా అని నేను లోపల పొంగిపోయేదాన్ని. సిగ్గులేకపోతే సరి!

ఒకసారి ఆయన పెనుగొండలో చుట్టాల పెళ్లికి ఐదు రోజులు వెళ్తూ అక్వేరియం నాకు అప్పజెప్పారు. మోకాళ్ల నొప్పులని రత్నమ్మగారు ఇంట్లోనే ఉండిపోయారు. మొదటి రోజు వెళ్లాను. మర్నాడు స్నేహితురాళ్లతో రాజమండ్రి చీరల షాపులకు పోయి, ఆపైన బద్ధకించాను. ఆవిడకు ఫోన్ చేసి, "పిన్నిగారూ, నీళ్లు అద్దం మీది గీత కిందికి తగ్గితే రోజూ కాస్త మంచినీళ్లు పొయ్యండి, చాలు," అన్నాను. క్యాను అన్న మాట నా నోట రాలేదు. ఆ ఇంట్లో మంచినీళ్లంటే వంటింట్లోని రాగిబిందె. పాపం, ఆవిడ చింతపండుతో బిందె తళతళా తోమి, రాత్రంతా నిలవ ఉంచిన నీళ్లు రాగిచెంబుతో ముంచి మరీ రోజూ పోశారట. మంచిదని మనం తాగే ఆ రాగినీళ్లు ఎనిమోన్‌కు విషం.

మాస్టారు తిరిగొచ్చేసరికి అది ముడుచుకుపోయి, రాయి వదిలేసి కుళ్లిపోతోంది. నేనూ అక్కడే ఉన్నాను. పక్కనున్న రాగిచెంబు చూడగానే ఆయనకు అర్థమైపోయింది.

"ఎవరు పొయ్యమన్నారే నిన్ను?"

రత్నమ్మగారు నా వైపు ఒక్కసారి చూశారు. నేను తల దించుకున్నాను.

"ఎవరూ అన్లేదండి. నాకే తోచింది," అన్నారావిడ.

ఆ రోజు నుంచి ఆయన భార్యతో మాట్లాడడం మానేశారు. "ఈ ఇంట్లో ఏదీ బతకదు. నువ్వు పట్టుకెళ్లమ్మా, నీకైతే తెలుసు," అని ఆవిడ వింటుండగానే ఖాళీ అక్వేరియం నాకిచ్చేశారు. నేను తీసుకున్నాను! రాగి పట్టేసిన రాళ్లూ ఇసుకా పారేసి కొత్తవి వేసి, కొత్త ఎనిమోన్‌ను పెంచాను. అంత చదువుకున్న మనిషికి భార్య మీద అంత పంతం ఏమిటని ఆయన్ని లోలోపల తిట్టుకున్నాను. నిజం చెబితే ఆ పంతం ఆ పూటే తీరేది. కానీ నా మీద ఆయనకున్న నమ్మకం పోతుందని భయం. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఆరేళ్లు గడిపేశాను.

కిందటేడాది మాస్టారు పోయారు. పెద్దకర్మ అయ్యాక వెళ్లి రత్నమ్మగారి చేతులు పట్టుకుని ఏడ్చాను. "తప్పు నాదేనని అందరికీ చెప్పేస్తాను పిన్నిగారూ," అన్నాను. ఆవిడ మెల్లిగా చేతులు విడిపించుకున్నారు.

"ఎవరికి చెప్తావమ్మా? ఆరేళ్లు కంచం మీద వేలితో కొట్టి కూర అడిగారు. వినాల్సినాయన వెళ్లిపోయారు. ఇప్పుడు చెప్తే నీ బరువు దిగుద్ది. నాకేంటి వచ్చేది?"

ఆయన నేర్పిన విద్యతో నా ఇల్లు గడుస్తోంది. ఆవిడ గడప తొక్కడానికి మాత్రం నాకిప్పటికీ మొహం చెల్లడం లేదు.